కొండ బోడయితే ఏరు పూడుతుంది

శ్రోతలకు నమస్కారం.

1666లో జపాన్‌ను ఏలుతున్న తొకుగావ ప్రభుత్వం నాలుగు మాటల ఉత్తర్వు ఒకటి జారీ చేసింది. కొండల మీద గడ్డిని, చెట్లను వేళ్ళతో పెకలించకండి, వానకు ఆ మట్టి నదిలోకి దిగి ప్రవాహాన్ని అడ్డుకుంటోంది. నదుల ఎగువన చెట్లు లేని చోట ఈ వసంతం నుంచే మొక్కలు నాటండి. నది ఒడ్డును ఆక్రమించి పొలాలు చేయకండి, వెదురూ రెల్లూ నాటి దారి ఇరుకు చేయకండి. కొండల్లో కొత్తగా పోడు కొట్టకండి.

వరదొచ్చేది పల్లానికి, ఆజ్ఞ వెళ్ళింది కొండకు. కొండ, ఏరు, పొలం ఒకటే అన్న ఊహ ఆ ఉత్తర్వులో ఉంది. జపనీయులకు ప్రకృతి ప్రేమ పుట్టుకతోనే వచ్చిందని చాలామంది అంటారు. ఆ మాట సరికాదు. ఈ ఊహ నష్టం నేర్పినది. 16వ శతాబ్దం చివరి నుంచి కోటలూ కోట పట్టణాలూ వరసగా లేచాయి. అన్నీ కలపతోనే. 1657లో ఎదో నగరం, అంటే నేటి టోక్యో, సగానికి పైగా కాలిపోయింది. మళ్ళీ కట్టడానికి మళ్ళీ అడవే కావలసివచ్చింది.

బివా సరస్సుకు దక్షిణాన ఉన్న తనకామి కొండలు చూడండి. 7వ శతాబ్దం చివర్లోనే రాజధాని కట్టడానికి అక్కడి హినోకి అనే గట్టి కలప చెట్లు నరికారు. అక్కడి గ్రానైటు పాడై ఇసుకలా రాలే రకం. చెట్టు నరికినా వేరు ఉన్నంతకాలం ఆ ఇసుక నిలుస్తుంది. జనం పైన్ చెట్ల మోళ్ళను కూడా తవ్వుకున్నారు, జిగురున్న ఆ వేళ్ళు దీపానికి, పొయ్యికి బాగా మండుతాయి. వేరు పోగానే ప్రతి వానకూ ఇసుక దిగింది. వాలు తగ్గిన చోట నీటి వేగం తగ్గి, ఇసుక అడుగున మేట వేస్తుంది. నది పొంగుతుందని కరకట్ట ఎత్తు పెంచుతారు. ఇసుక మళ్ళీ మేట వేస్తుంది, కట్ట మళ్ళీ పెరుగుతుంది. చివరికి నది అడుగే చుట్టుపక్కల పొలాలకంటే ఎత్తుకు చేరుతుంది. అలాంటి చోట గండి పడితే, బయటికొచ్చిన నీరు తిరిగి నదిలోకి పోలేదు, పొలాల్లోనే నిలిచిపోతుంది.

ఒకాయామా సంస్థానంలో పనిచేసిన కుమజావా బన్‌జాన్ అనే పండితుడు 1654 నాటి పెద్ద వరదను దగ్గరగా చూశాడు. కొండలూ నదులే రాజ్యానికి పునాది అని వాదించాడు. పాలకులకు నచ్చని మాటలు రాసినందుకు చివరి రోజులు నిర్బంధంలో గడిపాడు.

అడవిని కాపాడే తీరు అంతటా ఒకేలా లేదు. కిసో లోయలో ఓవరి సంస్థానం హినోకి, సవర వంటి అయిదు జాతులను నరకవద్దంది, ఒక చెట్టు నరికితే ఒక తల పోతుందన్న అర్థంలో చెట్టుకొక తల అన్న మాట అక్కడ నిలిచిపోయింది. ఊరుమ్మడి కొండల కట్టుబాట్లు ఇంతకన్నా తెలివైనవి. ఫలానా రోజుకు ముందు కొండెక్కకూడదు, కొడవలే తేవాలి, రంపం తేకూడదు, మోపులు ఇన్నే. వరిమడికి పచ్చిరొట్ట ఎరువు కొండ గడ్డి నుంచే రావాలి గనుక, ఆ కట్టుబాటు తప్పితే అందరి పంటా దెబ్బతింటుంది.

యోషినో అనే కొండ ప్రాంతంలో చెట్టును పంటలా పెంచారు. హెక్టారుకు సుమారు 10,000 సుగి (జపాన్ దేవదారు లాంటి కలప చెట్టు) మొక్కలు ఒత్తుగా నాటి, మొదటి ఏళ్ళలో వేసవి కలుపు కోసి, తర్వాత విడతలు విడతలుగా పలచన చేస్తారు. ఒత్తిడికి చెట్లు నిటారుగా, పక్క కొమ్మలు తక్కువగా, సన్నని వలయాలతో ఎదుగుతాయి. తీసిన సన్న వాసాలూ అమ్ముడుపోయేవి, పెద్దవాటి పలకలతో సాకే అనే బియ్యపు మద్యానికి పీపాలు చేసేవారు. పలచన చేయడం ఆలస్యమైతే మాత్రం నీడకు అడుగున ఏమీ మొలవదు, నేల మళ్ళీ కోసుకుపోతుంది.

1684లో నదీ పరీవాహక గ్రామాలకు 1666 నాటి లాంటి ఆజ్ఞే మళ్ళీ ఇవ్వవలసివచ్చింది. పొయ్యిలోకి వేరే దారి చూపకుండా వేళ్ళు తవ్వొద్దంటే పేదవాడు వినలేడు. తనకామి కొండలు 19వ శతాబ్దం దాకా బోడిగానే ఉన్నాయి. వాలును మెట్లుగా చెక్కి, గడ్డి పరిచి, పైన్ మొక్కలు నాటే పని పెద్దఎత్తున మొదలైంది తొకుగావ పాలన పోయి 1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చాకే.