బూడిద రంగు కింద

వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. యుద్ధట్యాంకుల్లాంటి వాటి చిన్న నమూనా మోడళ్లకు రంగులు వేసే పద్ధతి గురించి మాట్లాడమన్నారు. ఎయిర్ బ్రష్ పట్టడం, థిన్నర్ కలపడం రేపటి శిక్షణలో ఎలాగూ చూపిస్తాను. ఇవాళ ఈ ఒక్క ట్యాంకు గురించి చెప్పనివ్వండి.

ఇది పాంజర్ 4. అసలు బండిలో 35వ వంతు. 1939 సెప్టెంబరులో పోలండ్ మీదికి వెళ్లిన జర్మన్ ట్యాంకు. ఒళ్లంతా ముదురు బూడిద రంగు కనిపిస్తోంది కదా? దశాబ్దాలపాటు అందరూ ఇలాగే వేశారు. కిట్ పెట్టె మీద బొమ్మా ఇలాగే ఉండేది.

కానీ 1937 నుంచి జర్మన్ సైన్యం నియమం వేరు. బండికి మూడింట రెండు వంతులు ముదురు బూడిద, మిగతా వంతు ముదురు గోధుమ. బాగా మాడిన కాఫీగింజ రంగు అనుకోండి. రెండూ అంత ముదురు కావడంతో నలుపు తెలుపు ఫొటోలో కలిసిపోయి ఒకే మసిలా పడ్డాయి. ఆ ఫొటోలు చూసే ‘ఒకటే రంగు’ అనేశాం. పరిశోధకులు పాత ఆజ్ఞాపత్రాలు వెతికి చదివాక గాని తప్పు తెలియలేదు. ఒక్క బూడిద రంగే చాలన్న ఆజ్ఞ 1940 జులై ఆఖర్న వచ్చింది, అదీ రంగు ఆదా కోసం.

రంగుల వెనక ఇలాంటి ఇబ్బందులే ఉంటాయండీ. ఆ యుద్ధంలోనే బ్రిటిష్ వాళ్లకు పచ్చరంగుకు కావలసిన క్రోమియం ఆక్సైడ్ కరువైతే బండ్లకు గోధుమ రంగు పూశారు. ఆ గోధుమ రంగు వెనక ఉన్నది ఆ కరువే.

మళ్లీ నా ట్యాంకు దగ్గరికి వస్తాను. కొన్నేళ్ల కిందట దీన్ని రెండు రంగుల్లో వేసి ఒక పోటీకి తీసుకెళ్లాను. న్యాయనిర్ణేత ఒకాయన నలుగురి ముందు, “ఈ మచ్చలేమిటయ్యా? ఏ ఫొటోలో ఉన్నాయివి?” అన్నారు. కాగితాలు తీసి చేతికిచ్చాను. చూడకుండానే బల్ల మీద పెట్టేశారు. ఆ రాత్రి ఇంటికొచ్చి మొత్తం బూడిద రంగు కొట్టేశాను. తెలిసి తెలిసీ అబద్ధం పూశాను. ఆయన మాట కన్నా నా చేతి పనే ఇప్పటికీ బాధ పెడుతుంది.

ముదురు బూడిదను ఉన్నదున్నట్టు ఇంత చిన్న మోడల్‌కు వేస్తే ట్యూబ్‌లైటు కింద బొగ్గుముక్కలా ఉంటుంది. కాబట్టి రెండు చుక్కలు లేతరంగు కలుపుతాం. అది కంటికోసం చేసే సర్దుబాటు, దానికి నేనూ ఒప్పుకుంటాను. ఉన్న రంగును లేదనడం మాత్రం వేరు. లోపల కూర్చున్న మనిషికి రంగంటే ప్రాణంతో పని. టరెట్ మీద, అంటే ఫిరంగి అమర్చిన తిరిగే పైభాగం మీద, ఉన్న తెల్ల శిలువలు పోలండ్ గురికాళ్లకు అందివచ్చాయని సిబ్బందే వాటికి బురద పూసుకున్నారు.

మిమ్మల్నో మాట అడుగుతాను. మీలో ఎవరి తాతగారైనా మద్రాస్ రెజిమెంటులోనో, సైన్యం ఇంజనీర్ల దళమైన మద్రాస్ శాపర్స్‌లోనో పనిచేశారా? ఆయన ట్రంకుపెట్టె అటక మీద ఉందా? దయచేసి దానికి కొత్త పెయింటు కొట్టించకండి. మడతబందు విప్పి, దాని కింద చూడండి. ఎండా వానా తగలని చోట అసలు రంగు దాక్కుని ఉంటుంది. మ్యూజియం బండ్లను పదేపదే గీకి రంగులేయడంతో ఎంత సాక్ష్యం పోయిందో! మన ఇళ్లలోనైనా పోనివ్వకండి.

రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చేసేస్తాను. ఇది 2000 నంబరు వాటర్ పేపర్, తడిపి రుద్దే చాలా సన్నటి గరుకు కాగితం. తడిపి, వేలి కొసతో, బరువు ఆనించకుండా రుద్దాలి. ముందు వరసలో అమ్మాయీ, ఆ లైటు కాస్త ఇటు పట్టమ్మా. మడ్‌గార్డు అంచు దగ్గర... ఇంకొంచెం కిందికి... అదిగో, చూశావా? గోధుమ రంగు.