ఎమర్జెన్సీ గోలి వేసుకున్నాక నెల నిలిచిందా లేదా ఎట్లా తెలుసుకోవాలి?

నమస్తే అక్కా, నమస్తే చెల్లె. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఇంట్లో నలుగురి మధ్య వినే మాటలు కావు కదా.

నన్ను ఎక్కువమంది అడిగేది ఒక్కటే. "అక్కా, గోలి వేసుకుని పది రోజులైంది. వికారంగా ఉంది, రొమ్ములు సలుపుతున్నాయి. నెల నిలిచినట్టేనా?" అక్కడికే వస్తాను. ముందు గోలి సంగతి రెండు నిమిషాల్లో చెప్పేస్తా.

ఇగో, ఇది. అట్టలో ఒక్కటే గోలి. వెనక చిన్న అక్షరాలు, నేను వేలు పెట్టిన చోట చూడండి: లెవోనార్జెస్ట్రల్ 1.5 మిల్లీగ్రాములు. ఐ-పిల్ కావచ్చు, ఇంకో పేరు కావచ్చు, ఈ మాటా ఈ అంకే ఉన్నాయా లేదా చూసుకోండి. డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఊళ్లో అయితే ఆశమ్మను అడగండి, ఈజీ పిల్ పేరుతో సర్కారుది ఉంటుంది.

మెడికల్ షాపులో "కడుపు రాకుండా గోలి" అని నసుగుతూ అడగకండి. "72 గంటల గోలి ఇవ్వండి" అని గట్టిగా అనండి. ఎందుకంటే అయిదు గోలీల కిట్ అని ఇంకోటి ఉంటుంది. అది కడుపు తీసేసేది, డాక్టర్ చూడకుండా వాడకూడనిది. అట్ట మీద పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ ఒక్క గోలి అట్లాంటిది కాదు. అండం విడుదల కావడాన్ని ఇది వెనక్కి జరుపుతుంది, అంతే. అప్పటికే నెల నిలిచి ఉంటే ఏమీ చేయదు, బిడ్డకు హానీ చేయదు.

72 గంటలు అంటే శనివారం రాత్రి 11కి కలిస్తే మంగళవారం రాత్రి 11 దాకా. కానీ మంగళవారం దాకా ఆగొద్దు, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. మూడు గంటల లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. టీబీ మందులు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు దీని బలం తగ్గవచ్చు. అట్లాంటప్పుడు అయిదు రోజుల లోపు కాపర్-టీ వేయించుకోవడం అన్నిటికంటే గట్టి పని. సర్కారు దవాఖానాలో ఉచితం. మళ్లీ డేట్ వచ్చేదాకా కండోమ్ వాడండి. అండం ఆగిపోలేదు, వెనక్కి జరిగింది. తర్వాత విడుదల కావచ్చు.

సరే, ఇప్పుడు అసలు ముచ్చట.

నెల నిలిచినప్పుడు ఏమేం ఉంటాయి? డేట్ తప్పడం, వికారం, రొమ్ముల్లో సలపరం, నీరసం, మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవడం. ఇక ఈ గోలి వేసుకుంటే ఏమేం అవుతాయి? వికారం, రొమ్ముల్లో సలపరం, నీరసం, తలనొప్పి, డేట్ ఒక వారం అటూ ఇటూ కావడం. చూశారా? రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. అందుకే గోలి వేసుకున్న నెలలో ఒంట్లో ఏం అనిపిస్తోందో చూసి నిర్ణయానికి రావొద్దు. మచ్చలాగా కొంచెం ఎర్రగా కనబడితే "డేట్ వచ్చేసింది" అనుకుని ఊరుకోవద్దు. గోలితో కూడా అట్లా అవుతుంది, నెల నిలిచిన కొత్తలో కూడా అవుతుంది. ఎప్పటిలాగా, ఎప్పటన్ని రోజులు అయితేనే డేట్.

నేను తప్పింది ఇక్కడే. పెళ్లైన రెండో ఏడు గోలి వేసుకున్నాను. పదకొండో రోజు టెన్షన్ ఆగక టెస్ట్ చేసుకున్నాను. ఒకటే గీత. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత డేట్ రాకపోతే గోలి వేడి చేసిందనుకున్నాను. మా అత్తమ్మ మజ్జిగ తాగించింది. రెండు నెలలకు తెలిసింది. మా చిన్నోడు ఇప్పుడు ఐదో తరగతి, వాడే నా ప్రాణం. కానీ ఆ రెండు నెలలు తెలియకుండా గడపాల్సింది కాదు.

టెస్ట్ కిట్‌లో తప్పు లేదు, పదకొండో రోజు చేయడమే తప్పు. హెచ్‌సీజీ అనే హార్మోన్ మూత్రంలో ఉంటేనే కిట్ పట్టుకుంటుంది. పిండం గర్భసంచికి అతుక్కున్నాకే అది మొదలవుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. ముందే చేస్తే కిట్‌కు అందదు. కాబట్టి కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగాలి. ఇదిగో క్యాలెండర్. కలిసింది శనివారం కదా? దాన్ని లెక్కలో వేయకండి, ఆ తర్వాత ఇదొక శనివారం, ఇది రెండు, ఇది మూడు. ఈ మూడో శనివారం పొద్దున టెస్ట్. నేనైతే ఫోన్‌లో అలారం పెట్టి "కరెంటు బిల్లు" అని పేరు రాయమంటాను. ఎవరు చూసినా ఏమీ అడగరు. మీ డేట్ ఎప్పుడూ ఠంచనుగా వచ్చేదైతే, అది వారం దాటినా టెస్ట్ చేయండి.

కిట్ నిశ్చయ్ పేరుతో ఆశమ్మ దగ్గర ఉచితంగా ఉంటుంది. షాపులోనూ దొరుకుతుంది. పొద్దున లేవగానే మొదటి మూత్రం, పొడి గ్లాసులో. కార్డును బల్ల మీద సమంగా పెట్టండి. డ్రాపర్‌తో ఈ గుండ్రటి గుంటలో మూడు చుక్కలు. ఒకటి, రెండు, మూడు. చూడండి, గులాబీ రంగు తడి మెల్లగా పాకుతోంది. చేత్తో ఎత్తి చూడకండి. అయిదు నిమిషాలు.

కార్డు మీద సి అక్షరం దగ్గర గీత తప్పకుండా రావాలి. రాలేదంటే కిట్ పాడైంది, ఇంకోటి తీయండి. సి ఒక్కటే వస్తే లేదు. సి, టి రెండూ వస్తే ఉంది. టి గీత ఎంత పలచగా ఉన్నా ఉన్నట్టే, చాలామంది "పలచగా ఉంది కదా" అని వదిలేస్తారు. కానీ పది నిమిషాలు దాటాక కొత్తగా కనబడే గీతను లెక్క చేయొద్దు. నేనైతే అయిదో నిమిషానికే ఫొటో తీసి పెట్టుకుంటాను, డాక్టర్‌కు చూపించడానికి.

రెండు గీతలు వస్తే, ఉంచుకోవాలనుకుంటే ఏఎన్ఎమ్మ దగ్గర పేరు రాయించుకోండి. వద్దనుకుంటే షాపులో ఆ అయిదు గోలీల కిట్ కొనొద్దు, డాక్టర్ దగ్గరికే పోండి. కడుపు తీయించుకోవడానికి 1971 నుంచి చట్టం ఉంది, 2021లో మార్చారు. 18 ఏళ్లు నిండితే మీ సంతకం ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పెళ్లైనవాళ్లకూ కానివాళ్లకూ తేడా చూపొద్దని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వివరాలు బయటపెట్టకూడదు.

పొత్తికడుపులో ఒక పక్క పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం దగ్గర నొప్పి ఉంటే మాత్రం గీతల లెక్క పక్కన పెట్టండి. పిండం ట్యూబులో అతుక్కుని ఉండవచ్చు. అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి, గోలి ఏ రోజు వేసుకున్నారో వాళ్లకు చెప్పండి.