వెయ్యి పౌండ్ల ఆల్ఫ్ కామన్

యాంకర్: నమస్కారం. 1905 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ తన ఫార్వర్డ్ ఆల్ఫ్ కామన్‌ను వెయ్యి పౌండ్లకు మిడిల్స్‌బ్రో క్లబ్బుకు ఇచ్చేసింది. ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడి బదిలీకి అంత మొత్తం ఇవ్వడం అదే మొదటిసారి. సార్, మిడిల్స్‌బ్రోకు అంత అవసరం ఏమొచ్చింది?

క్రీడా పాత్రికేయుడు: లీగ్‌లో కింది స్థాయి అయిన రెండో డివిజన్‌కు పడిపోతామన్న భయమండీ. బయట మైదానాల్లో గెలిచి దాదాపు రెండేళ్లయింది. కామన్ వచ్చాక మొదటి మ్యాచ్ షెఫీల్డ్‌లో, బ్రామల్ లేన్ మైదానంలో. అతను కొట్టిన పెనాల్టీతో 1-0 గెలిచారు. ఆ సీజన్ గట్టెక్కారు కూడా.

మాజీ కోచ్: ఇక్కడ ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ రోజు ఎదురుగా ఉన్నది షెఫీల్డ్ యునైటెడ్. అంటే అతని పాత జట్టే! 1902లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ ఫైనల్లో సౌతాంప్టన్ మీద ఆ జట్టు తరఫున గోల్ కొట్టింది ఇతనే. ఆ మ్యాచ్ 1-1తో ఆగితే, మళ్లీ ఆడి 2-1తో కప్పు గెలిచారు. అప్పుడు చప్పట్లు కొట్టిన జనం ముందే, నెత్తి మీద వెయ్యి పౌండ్ల బరువుతో పెనాల్టీ కొట్టాలి. కుర్రాళ్లకు పెనాల్టీలు నేర్పినవాణ్ని, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అతని ధర అందరికీ గుర్తుంది, ఆ కిక్ ఎవరికీ గుర్తులేదు. నా బాధంతా అదే.

యాంకర్: మరి ఆ వెయ్యిలో అతని చేతికి వచ్చిందెంత?

పాత్రికేయుడు: అది క్లబ్బులు ఇచ్చిపుచ్చుకున్న డబ్బండీ. ఆటగాడి జీతం వారానికి 4 పౌండ్లు దాటకూడదని 1901లో పెట్టిన నియమం అప్పట్లో ఉండేది. ఆ లెక్కన వెయ్యి పౌండ్లు సంపాదించాలంటే 250 వారాలు ఆడాలి. కాంట్రాక్టు అయిపోయినా పాత క్లబ్బు ఒప్పుకోకపోతే లీగ్‌లో వేరే జట్టుకు వెళ్లే వీలుండేది కాదు. అందుకే ఈ బదిలీని వదిలేసి అతని గురించి మాట్లాడలేమంటాను.

కోచ్: కాదనను. కానీ ఆటగాడిగా కూడా చూడండి. మిడిల్స్‌బ్రోకు 168 లీగ్ మ్యాచ్‌లలో 58 గోల్స్. ఇంగ్లండ్‌కు ఆడింది మూడే మ్యాచ్‌లు, అందులో రెండు గోల్స్. మనిషి బొద్దుగా ఉండేవాడు, అయినా అలా ఆడాడు. 1910లో వూల్విచ్ ఆర్సెనల్‌కు, తర్వాత ప్రెస్టన్‌కు వెళ్లాడు. 1912-13లో ప్రెస్టన్ రెండో డివిజన్ విజేత. అప్పటికి ముప్పై దాటినా ఆ జట్టులో అతనున్నాడు.

యాంకర్: ఇంత ధరలు పెట్టడాన్ని ఎవరూ ఆపాలనుకోలేదా?

పాత్రికేయుడు: 1908లో ఇంగ్లండ్‌లో ఆటను నడిపే సంస్థ, ఫుట్‌బాల్ అసోసియేషన్, బదిలీ ధర 350 పౌండ్లు దాటొద్దని హద్దు పెట్టింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఎత్తేసింది. 1928లో డేవిడ్ జాక్ అనే ఆటగాడి కోసం ఆర్సెనల్ పది వేల పౌండ్లకు పైనే ఇచ్చింది.

కోచ్: ఆ వార్త వచ్చేనాటికి కామన్ ఆట మానేసి పద్నాలుగేళ్లు. డార్లింగ్టన్‌లో పబ్ నడుపుకున్నాడు. 1946లో అదే ఊళ్లో పోయాడు.