డయల్ మీద ఒక పేరు, లోపల ఇంకో ఊరు

అందరికీ నమస్కారం. బెంగళూరులో వాచీల గురించి, అదీ తెలుగులో మాట్లాడే అవకాశం రోజూ రాదు. ముందు నేను మోసపోయిన కథ చెప్పి మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే చిక్‌పేట వైపు పాత సామాన్ల మధ్య ఒక వాచీ కొన్నాను. డయల్ మీద పెద్ద స్విస్ పేరు, బంగారు రంగు అంకెలు. బేరమాడి సగానికి తెచ్చానని తెగ మురిసిపోయాను. ఇంటికొచ్చి వెనక మూత తీస్తే లోపల హెచ్‌ఎంటీ అని ఉంది, బాలెన్స్ వీలు పక్కన 0231 అని నంబరు. మా బెంగళూరు జాలహళ్లి ఫ్యాక్టరీ వాచీయే! డబ్బు లెక్కలో నష్టమే. మెషీన్ మాత్రం బంగారం. ఇదిగో, చేతికి పెట్టుకునే వచ్చాను.

అప్పటినుంచి నేను డయల్ని చివర చూస్తాను. డయల్‌కి మళ్లీ రంగు వేయించవచ్చు, దాని మీద ఏ పేరైనా అచ్చు కొట్టించవచ్చు. కేసు మార్చవచ్చు. వాచీ పుట్టుక తెలియాలంటే మూత తీయాల్సిందే.

మూత తీశాక ఎక్కడ చూడాలి? అటూ ఇటూ ఊగే చక్రం ఉంటుంది చూడండి, అదే బాలెన్స్ వీలు. దాని కింద ప్లేటు అంచున లెన్సు పెట్టి, వాచీని వెలుతురుకు కాస్త వంచి వెతకండి. చాలా స్విస్ మెషీన్లలో ఒక చిన్న ముద్ర, పక్కనే ఒక నంబరు అక్కడే దాక్కుని ఉంటాయి. ముద్ర మెషీన్ చేసినవాళ్లది. నంబరు ఆ మోడల్‌ది, దాన్నే క్యాలిబర్ అంటారు. పైన పెద్ద అక్షరాల్లో కనిపించే పేరు వాచీ అమ్మినవాళ్లది కావచ్చు. స్విట్జర్లాండ్‌లో ఏఎస్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఈటా లాంటి కంపెనీలు మెషీన్లు చేసి పదుల కొద్దీ బ్రాండ్లకు అమ్మేవి. పిండి ఒక మిల్లుది, దోసె హోటల్‌కో పేరుతో.

నంబరు దొరక్కపోతే డయల్ తీసి, ఆ వైపు మెషీన్ వెడల్పు కొలుస్తారు. కొలత లిన్యల్లో చెబుతారు. ఒక లిన్య సుమారు 2.256 మిల్లీమీటర్లు. కీ ఇచ్చే పుల్ల దగ్గరి స్ప్రింగ్ ఆకారం కూడా వేలిముద్రలాంటిదే. పాత పార్టుల కేటలాగుల్లో ఆ ఆకారాల బొమ్మలు వరసగా ఉంటాయి. ఈ పని మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: '17 జువెల్స్' అంటే ఏమిటి? మా నాన్న లోపల వజ్రాలున్నాయనే నమ్మేవారు. అవి ప్రయోగశాలలో తయారైన కెంపులు, ఖరీదు పెద్దగా ఉండదు. ఇరుసు తిరిగే చోట లోహంతో లోహం రాసుకుని అరగకుండా పెడతారు. లెక్క నాతోపాటు వేయండి. బాలెన్స్‌కి పైనా కిందా రెండేసి, దాని కిందే తన్ను తినే రాయి ఒకటి, మొత్తం ఐదు. ఆ తన్ను ఇచ్చే ప్యాలెట్ ఫోర్క్ కొనలకు రెండు, దాని ఇరుసుకు రెండు, తొమ్మిదయ్యాయి. ఎస్కేప్ వీలు, నాలుగో చక్రం, మూడో చక్రం, తలా రెండు, పదిహేను. నడిమి చక్రానికి రెండు కలిపితే పదిహేడు. చేత్తో కీ ఇచ్చే మామూలు వాచీకి ఇంతకంటే అవసరం లేదు. 15 రాళ్లంటే సాధారణంగా నడిమి చక్రానివి మానేశారని అర్థం. చేత్తో కీ ఇచ్చే మామూలు వాచీ మీద 25, 30 అని కనిపిస్తే నాకు అనుమానమే.

చెవి కూడా వాడండి. మన హెచ్‌ఎంటీ జనతా వాచీ గంటకు 18,000 దెబ్బలు, అంటే సెకనుకు ఐదు. ఆరు కొట్టేవాటి శబ్దం ఇంకాస్త చిక్కగా ఉంటుంది. అలవాటైతే చీకట్లో కూడా తేడా తెలుస్తుంది.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో ఇక్కడ వాచీలు మొదలుపెట్టింది. అందుకే డయల్ మీద 'పారాషాక్' అన్న మాట కనిపిస్తుంది. వాచీ కింద పడినా బాలెన్స్ ఇరుసు విరగకుండా కాపాడే సిటిజన్ పద్ధతి అది. స్విస్ వాచీల్లో అదే పనిని ఎక్కువగా ఇంకాబ్లాక్ చేస్తుంది, వీణలాంటి చిన్న స్ప్రింగ్‌తో. స్విస్ పేరున్న వాచీలో జపాన్ పద్ధతి కనిపిస్తే నాలా మురిసిపోకండి. హైదరాబాద్‌వాళ్లు అలిగేలోపు అక్కడ వాచీలు చేసిన ఆల్విన్ పేరూ చెప్పేస్తాను, దానికి సాయం జపాన్ సీకో.

సరే, మాటలు చాలు. బల్ల మీద లెన్సు, మూత తీసే కత్తి, మెత్తటి గుడ్డ పెట్టాను. ఫోన్లూ స్పీకర్లూ దూరంగా ఉంచండి, అయస్కాంతం బాలెన్స్‌ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్‌కి పడదు. ఆ వెనక వరసలో తాతగారి వాచీ తెచ్చిన అమ్మాయీ, ముందు నీదే తెరుద్దాం రామ్మా.