మా లాన్‌లో పందికొక్కు పడింది!

హాయ్ అండీ, సిడ్నీ నుంచి మళ్ళీ వచ్చేశాను. ముందు కెమెరా కిందికి తిప్పుతా, చూడండి. లాన్ నిండా గుంటలే! ఒక్కోటి గరాటులా, పైన వెడల్పు, కింద మూతి దూరేంత సన్నం. కొత్త గడ్డి వేయించి నెల కాలేదు, మావారి టెన్షన్ చూడాలి.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో బయటికొచ్చిన మా అత్తయ్య "ఇంకేముంది, పందికొక్కులు పడ్డాయి" అని తేల్చేశారు. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు. పొలం గట్లకు బొరియలు, గాదె కింద ధాన్యం... పందికొక్కులతో ఆవిడ పడని పాట్లు లేవు. అంతలో ఫెన్స్ మీంచి తొంగిచూసిన పక్కింటి పెద్దాయన "బ్యాండికూట్" అన్నారు. "ఆఁ, అదే, పందికొక్కే" అని అత్తయ్య తలూపారు. ఆయనకు తెలుగు రాదు, ఈవిడకు ఇంగ్లీషు రాదు. ఇద్దరూ అన్నది ఒకే మాటని నాకు కాసేపటికి గానీ వెలగలేదు.

నిజమండీ, ఇంగ్లీషు డిక్షనరీలో బ్యాండికూట్ పక్కన పుట్టిల్లు తెలుగనే ఉంటుంది. పందిలా గుర్రుమనే కొక్కు, పందికొక్కు. 18వ శతాబ్దంలో మన దగ్గరున్న దొరల నోట్లో పడి 'ప' కాస్తా 'బ' అయింది, కొక్కు కూట్ అయింది. తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు మూతితో నేల తవ్వే జంతువుకీ అదే పేరు తగిలించేశారు. మావాడికైతే బ్యాండికూట్ అంటే 1996 నాటి వీడియో గేమ్‌లోని క్రాష్ ఒక్కడే.

పాపం, మా లాన్ తవ్విన ఈ ఆస్ట్రేలియా బ్యాండికూట్ అసలు ఎలుకే కాదు. కంగారూలా పిల్లల్ని సంచిలో మోస్తుంది. ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. లాన్ తవ్వేది పురుగుల కోసం. అత్తయ్య బోను తెమ్మన్నారు. ఇక్కడ దాన్ని పట్టడానికి చట్టం ఒప్పుకోదన్నాను. "పందికొక్కుకి చట్టమా!" అని బుగ్గన వేలేసుకున్నారు.

ఇంకో తమాషా. ఇక్కడ మొక్క పీకకుండా, అడుగున చెయ్యి పెట్టి బంగాళాదుంపలు లాగేయడాన్ని కూడా బ్యాండికూటింగ్ అంటారు. పెద్దాయన తన పెరట్లో చేసి చూపించారు. వేళ్ళతో మట్టి తోసి, నాలుగు దుంపలు తీసి, మళ్ళీ కప్పేశారు. పైన ఆకు కదిలితే ఒట్టు! అత్తయ్య వెంటనే మా మడిలో మొదలుపెట్టేశారు. ఇదిగో, స్టవ్ మీద వేగుతున్నది ఆ దుంపలే.