పగడం కూడా ఒక జంతువే

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

పగడం ఉంగరం పెట్టుకున్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. కుజదోషానికని కొందరు, అమ్మమ్మ ఇచ్చిందని కొందరు పెట్టుకుని ఉంటారు. అది అసలు పగడమే అయితే మీ వేలి మీద ఉన్నది ఒక జంతువు అస్థిపంజరం. మధ్యధరా సముద్రంలో దొరికే ఎర్ర పగడం ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కదు. ఒక్క పూస తయారవడానికి దశాబ్దాలు పడుతుంది.

పగడం జంతువని నమ్మడానికి శాస్త్రవేత్తలే చాలాకాలం ఒప్పుకోలేదు. కొమ్మలు, వాటి మీద పువ్వులు కనిపిస్తుంటే మొక్కే అనుకున్నారు. 1720లలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు, ఆ పువ్వులు ముట్టుకుంటే ముడుచుకుంటున్నాయని గమనించి, అవి ప్రాణులని చెప్పాడు. ఆయన పరువు పోతుందని, ప్యారిస్ అకాడమీలో ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన పేరు కూడా దాచారు. తర్వాత 1740 ప్రాంతంలో ట్రెంబ్లీ అనే ఆయన గుంటనీళ్ళలో దొరికిన హైడ్రా అనే చిన్న జీవిని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా మళ్ళీ పూర్తి హైడ్రాగా ఎదిగింది. మొక్కలా కనిపిస్తూ, తిండిని పట్టి తినే జంతువులు ఉంటాయని అప్పటికి గాని తేలలేదు. ఇంటర్లో జువాలజీ చదివినవాళ్ళకు ఈ హైడ్రా గుర్తుండే ఉంటుంది.

హైడ్రా, పగడం, జెల్లీఫిష్, సముద్రంలో రాళ్ళకు పువ్వులా అంటుకుని ఉండే సీ అనిమోన్ అన్నీ ఒకే కుటుంబం. మెదడు లేదు, గుండె లేదు, రక్తం లేదు. నోరు, మలద్వారం రెండూ ఒకటే. జెల్లీఫిష్ ఒంట్లో దాదాపు 95 శాతం నీళ్ళే. వీటన్నిటినీ ఒక ఇంటివాళ్ళని గుర్తుపట్టించేది దంశకణం, అంటే కుట్టే కణం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసినంతలో జంతుప్రపంచంలో ఇంత చిన్న చోట ఇంత పనితనం మరొకటి లేదు.

ఆ కణంలో ఒక గుళిక ఉంటుంది. గుళికలో సన్నటి బోలు దారం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. లోపలి పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 150 రెట్లు. ఏదైనా తగలగానే మూత తెరుచుకుని దారం బయటికి దూసుకొస్తుంది. ఉతికిన చొక్కా చెయ్యి లోపలికి తిరిగిపోతే బయటికి లాగుతాం చూడండి, అలా లోపలివైపు బయటికి తిరుగుతూ వస్తుంది. హైడ్రాలో దీన్ని హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. మొన బయటికి రావడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టలేదు, 700 నానోసెకన్లే. ఆ క్షణంలో దాని త్వరణం భూమి ఆకర్షణకు 50 లక్షల రెట్లు దాటింది. ఒక కణం ఒక్కసారే పేలుతుంది, దాని చోట కొత్తది పుడుతుంది.

ఇది పేలడానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు, జంతువు బతికి ఉండాల్సిన పని కూడా లేదు. బీచ్‌కి వెళ్ళేవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. మన చెన్నైలో బెసంట్ నగర్ బీచ్‌లోనో మెరీనాలోనో గాలి తిరిగినప్పుడు నీలం బుడగల్లాంటివి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వాటిని బ్లూ బాటిల్ అంటారు. నిజానికి అది ఒక జంతువు కాదు, కాలనీ. తేలడానికి ఒకటి, కుట్టడానికి కొన్ని, అరిగించుకోవడానికి కొన్ని, పిల్లల్ని కనడానికి కొన్ని కలిసి ఒకే ఒంటిగా బతుకుతాయి. ఎండి ఇసుకలో పడి ఉన్నా దాని తీగ కుడుతుంది. పిల్లలు ముచ్చటపడి చేత్తో తీస్తారు, తీయనివ్వకండి. ఒకవేళ కుడితే టెన్షన్ పడి రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు. సముద్రపు నీళ్ళతో కడిగి, అంటుకున్న తీగల్ని ట్వీజర్‌తో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, ఇరవై నిమిషాలు ఉంచండి. మూత్రం పోస్తే తగ్గుతుందన్నది ఉత్తమాట. ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ జీవుల విషాన్ని పరీక్షిస్తూనే చార్లెస్ రిషే ప్రాణాంతకమైన ఎలర్జీని కనుక్కున్నాడు. 1913లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా అందుకే.

మామూలు జెల్లీఫిష్‌కి రెండు రూపాలు. కొంతకాలం రాయికి అంటుకున్న పాలిప్, ఆ తర్వాత ఈదే గొడుగు. పగడం గొడుగు రూపం ఎత్తదు. పుట్టగానే కొన్నాళ్ళు నీళ్ళలో తిరిగి, ఒకచోట కుదురుకున్నాక ఇక కదలదు. పరిస్థితి చెడితే లేచిపోయే వీలు దానికి లేదు. నా బెంగంతా ఇక్కడే.

సముద్రంలో దిబ్బలు (రీఫ్‌లు) కట్టే పగడాలు కొన్ని మిల్లీమీటర్ల జీవులు. సముద్రపు నీటిలోని కాల్షియంతో సున్నపుగూడు కట్టుకుంటాయి. ఒంట్లో కంటికి కనపడని నాచును పెట్టుకుంటాయి. అది ఎండలో తయారుచేసే ఆహారంతోనే 90 శాతం దాకా శక్తి వస్తుంది, రంగూ చాలావరకు దానిదే. నీళ్ళు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలుంటే చాలు, ఆ నాచును బయటికి నెట్టేసి పగడం తెల్లబడుతుంది. తెల్లబడిందంటే చచ్చిపోయిందని కాదు, పస్తులున్నదని. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది.

ఇది ఎక్కడో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల గొడవని అనుకోకండి. మన తమిళనాడులోనే రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నార్ గల్ఫ్‌లో 21 ద్వీపాల చుట్టూ దిబ్బలున్నాయి. 1927లోనే మన ఎగ్మూర్ మ్యూజియం అక్కడి కురుసడై ద్వీపపు జీవుల మీద ఒక సంచిక వేసింది. 1986లో ఆ 21 ద్వీపాల ప్రాంతం సముద్ర జాతీయ ఉద్యానం అయింది. అయినా చాలా ఏళ్ళు ఆ పగడాలను తవ్వి సున్నపు బట్టీలకు, ఫ్యాక్టరీలకు తోలారు. అడ్డుగా ఉన్న దిబ్బ పోయాక రెండు ద్వీపాలు నీళ్ళలో మునిగాయి. 2001లో దిబ్బ కట్టే పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, అంటే పులికిచ్చే రక్షణే వీటికీ. తవ్వకాన్ని చట్టం ఆపగలదు, వేడిని ఆపలేదు. 1998లో, 2010లో, 2016లో అక్కడ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి.

తూత్తుకుడిలో సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా పగడపు కొమ్మల్ని సముద్రం అడుగున సిమెంటు చట్రాలకు కట్టి పెంచుతున్నారు. మనం రామేశ్వరం వెళ్ళినప్పుడు చేయగలిగింది చిన్నదే. దిబ్బ ముక్క ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు, అది నేరం. లోతు తక్కువ నీళ్ళలో దిగితే దిబ్బ మీద కాలు పెట్టొద్దు.

అక్కడ బల్ల మీద మైక్రోస్కోప్ కింద ఒక హైడ్రా ఉంది. పిల్లలు ముందు రండి, పెద్దవాళ్ళు ఈలోగా ప్రశ్నలు అడగండి.