బర్లీ దివాణంలో గుర్రాల పరీక్ష: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. మన దగ్గర గుర్రం అనగానే మలక్‌పేట రేసుకోర్సు గుర్తొస్తుంది, లేదంటే పెళ్లి బరాత్. ఇవాళ ఆ రెండూ కాదు. ఇంగ్లండ్‌లో స్టాంఫర్డ్ అనే ఊరి పక్కన బర్లీ హౌస్ అని నాలుగు శతాబ్దాలు దాటిన దివాణం ఉంది. ఏటా ఆగస్టు చివరనో సెప్టెంబర్ మొదట్లోనో దాని పార్కులో నాలుగు రోజులు అంతర్జాతీయ హార్స్ ట్రయల్స్ జరుగుతాయి. దీని గురించి మాట్లాడటానికి ఆర్మీలో ఏళ్ల తరబడి స్వారీ చేసి రిటైరైన మేజర్ గారు, గుర్రాలకు వైద్యం చేసే డాక్టర్ గారు, ఆర్కిటెక్చర్ చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరర్ మేడమ్ వచ్చారు. మేజర్ గారూ, ముందు ఇది రేసు కాదని చెప్పండి. మా ఇంట్లోవాళ్లు ఏ గుర్రం మీద పెట్టాలని అడుగుతున్నారు.

మేజర్: (నవ్వు) పెట్టేవాళ్లు అక్కడా ఉన్నారు లెండి. కానీ ఇక్కడ గుర్రాలు పక్కపక్కన పరిగెత్తవు. ఒక్కొక్కటే వస్తుంది, దాని పరీక్ష అది రాసి వెళ్లిపోతుంది. ఒకే రౌతు, ఒకే గుర్రం, మూడు పరీక్షలు. ఈ ఆటను ఈవెంటింగ్ అంటారు. మొదటి రెండు రోజులు డ్రెస్సాజ్. అంటే చిన్న మైదానంలో చెప్పిన అడుగు చెప్పినట్టు వేయాలి. శనివారం క్రాస్ కంట్రీ. ఆదివారం షో జంపింగ్, అంటే మైదానంలో తగిలితే పడిపోయే కర్రల మీంచి దూకడం. మార్కులు కూడా తిరగేసి ఉంటాయి. డ్రెస్సాజ్‌లో 70 శాతం వస్తే మీ ఖాతాలో 30 పెనాల్టీలు పడతాయి. ఆ తర్వాత ఏం చేసినా ఆ అంకె పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. చివరికి తక్కువ ఉన్నవాడిదే గెలుపు.

యాంకర్: శనివారం పరీక్షే పెద్దదంటారు.

మేజర్: అదే అసలు పరీక్ష. ఆరు కిలోమీటర్ల పైచిలుకు దారి, పదకొండు పన్నెండు నిమిషాల టైమ్, నలభైకి పైగా దూకుళ్లు. నిమిషానికి 570 మీటర్ల చొప్పున పోవాలి, అంటే గంటకు 34 కిలోమీటర్లు. మధ్యలో కొండ ఎక్కాలి, నీళ్లలోకి దూకాలి, అయినా సగటు తప్పకూడదు. ఆలస్యమైతే సెకనుకు 0.4 పెనాల్టీ. అడ్డంకి ముందు గుర్రం మొరాయిస్తే 20, అక్కడే రెండోసారి మొరాయిస్తే ఇంకో 40. రౌతు కింద పడితే ఆట అక్కడితో సరి. దుంగల ఎత్తు 1.20 మీటర్లు దాటదు. టీవీలో చూసేవాళ్లు ఇంతేనా అనుకుంటారు. ఆ దుంగ అవతల నేల రెండు మీటర్ల లోతుకు పడిపోయి ఉంటుందని టీవీలో తెలీదు.

యాంకర్: లెక్చరర్ మేడమ్, ఇంత పోటీకి ఒక దివాణం తోట ఎందుకు? స్టేడియం కట్టుకోవచ్చుగా?

లెక్చరర్: స్టేడియంలో ఆ నేల దొరకదండి. బర్లీ కట్టించింది విలియం సెసిల్, మొదటి ఎలిజబెత్ రాణి కొలువులో అందరికన్నా పెద్ద మంత్రి. 1555లో మొదలుపెట్టి 1587 దాకా కట్టించాడు. అప్పట్లో చుట్టూ గీత గీసినట్టుండే తోటలు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1756 నుంచి, కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల రూపశిల్పి ఆ గీతల్ని తుడిచేశాడు. సరస్సు తవ్వించాడు, లయన్ బ్రిడ్జ్ వేయించాడు, చెట్లను గుంపులు గుంపులుగా పెట్టించి మధ్యలో పచ్చికను వదిలేశాడు. చూసేవాళ్లకు అదంతా ప్రకృతే అనిపించాలని ఆయన ఉద్దేశం. ఇప్పుడు గుర్రాలు పరిగెత్తేది ఆయన దిద్దిన వాలుల మీదే. కోర్సు వేసేవాళ్లు ఏడాదికోసారి దుంగలు మార్చగలరు, ఆ ఎగుడుదిగుళ్లను మార్చలేరు. అందుకే బర్లీలో మొదటి పరీక్షాధికారి బ్రౌనేనని నా లెక్క.

మేజర్: నూటికి నూరు పాళ్లు నిజం. పెద్ద పోటీల్లో దీనికి జోడీగా చెప్పేది ఇంగ్లండ్‌లోనే బాడ్మింటన్ అనే ఇంకో దివాణంలో జరిగేది. అక్కడ నేల చదును, బురదతోనే భయం. బర్లీలో ఎక్కుడు దిగుడు. లీఫ్ పిట్ అని ఒక గుంట ఉంది. అంచుకొచ్చేదాకా కింద ఏముందో గుర్రానికి కనపడదు. రౌతు అడిగాడు కాబట్టి దూకుతుంది. చివరి కొండ ఎక్కేసరికి గుర్రంలో ఎంత మిగిలిందో తేలిపోతుంది. మొదటి మూడు నిమిషాల్లో ఉత్సాహపడి దౌడు తీయించినవాడు అక్కడ చేతులెత్తేస్తాడు.

యాంకర్: బాడ్మింటన్ అంటే మన సింధు ఆడే...

లెక్చరర్: ఆ ఆటకు పేరొచ్చింది ఆ దివాణం నుంచే. అక్కడ హార్స్ ట్రయల్స్ 1949లో మొదలయ్యాయి. ముందు ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటిష్ రౌతులు ఈవెంటింగ్‌లో ఏమీ సాధించలేకపోయారని బ్యూఫోర్ట్ డ్యూక్ తన పార్కు ఇచ్చాడు. బర్లీ 1961లో వచ్చింది. దాని పుట్టుక ఇంకా తమాషా. యార్క్‌షైర్‌లో హేర్‌వుడ్ అనే ఎస్టేట్‌లో ఇలాంటి పోటీ ఉండేది. గాలికుంటు వ్యాధి వల్ల అది ఆగిపోయింది. అప్పటి బర్లీ యజమాని, ఎక్సెటర్ మార్క్విస్ డేవిడ్ సెసిల్ మా పార్కు తీసుకోండన్నాడు. ఆయన ఎవరనుకున్నారు? 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణ విజేత. 1948 లండన్ ఒలింపిక్స్ నిర్వాహక కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. హర్డిల్స్ దూకినవాడే ఈ దూకుళ్లకు చోటిచ్చాడన్నమాట.

డాక్టర్: ఒక్క మాట. గాలికుంటు అనగానే గుర్రాలకు జబ్బు చేసిందనుకుంటారు. గుర్రాలకు అది రాదు. డెక్క చీలిన ఆవులు, గొర్రెలు, పందులకే వస్తుంది. కానీ వేల మంది జనం, బండ్లు పొలాల మధ్య తిరిగితే చెప్పులకు, టైర్లకు అంటుకుని ఊళ్లకు పాకుతుంది. 2001లో బాడ్మింటన్ రద్దయిందీ దానివల్లే. ఆ ఏడాది సెప్టెంబర్‌లో బర్లీ మాత్రం జరిగింది.

యాంకర్: డాక్టర్ గారూ, మీరు మొదటి నుంచీ ముఖం చిట్లించుకునే ఉన్నారు. ఎందుకు?

డాక్టర్: ఎందుకంటే మేజర్ గారు దూకుళ్ల గురించి చెప్తున్నప్పుడు నాకు 1999 గుర్తొస్తోంది. బ్రిటన్‌లో ఆ ఒక్క సీజన్‌లో ఐదుగురు రౌతులు చనిపోయారు. అందులో ఒక మరణం బర్లీలోనే. అన్నింటికన్నా ప్రమాదకరమైన పడటం ఒకటుంది. గుర్రం ముందు కాళ్లు దుంగకు తగిలి, వెనక భాగం పైకి లేచి పల్టీ కొడుతుంది. ఐదొందల కిలోల శరీరం మనిషి మీద పడుతుంది. దుంగ కదలదు కాబట్టే ఆ పల్టీ.

యాంకర్: ఇప్పుడు ఏమైనా మారిందా?

డాక్టర్: చాలా మారింది, ఒప్పుకుంటాను. ఇప్పుడు చాలా అడ్డంకులను విరిగే పిన్నుల మీద, ఊడే క్లిప్పుల మీద నిలబెడుతున్నారు. గట్టిగా తగిలితే దుంగ కిందకు జారుతుంది, గుర్రానికి తేరుకునే అవకాశం వస్తుంది. దాన్ని విరగ్గొడితే 11 పెనాల్టీలు. గెలిచే గుర్రం ఒక్క దెబ్బతో పది స్థానాలు కిందకు పోవచ్చు. రౌతులు గొణుక్కుంటారు. నేనైతే పట్టించుకోను.

మేజర్: గొణుక్కోవడంలో న్యాయం లేకపోలేదు. ఒక్కోసారి డెక్క అలా రాసుకుంటేనే క్లిప్పు ఊడిపోతుంది. అయినా ఈ ఆట ఎక్కడ పుట్టింది? అశ్వికదళంలో. పరేడ్‌లో మాట వినాలి, యుద్ధంలో పొలాలు దాటాలి, మర్నాడు మళ్లీ పనికి రావాలి. ఆ మూడే ఈ మూడు పరీక్షలు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ నాటికి పాల్గొన్నవాళ్లంతా సైనికాధికారులే. కష్టం తీసేస్తే మిగిలేదేంటి? రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

డాక్టర్: ఆ సామెత కట్టినవాడు గుర్రాన్ని అడగలేదు సార్. నాకు తెలిసి బాగా గెలిచే రౌతులు మెత్తనివాళ్లే, చేతుల్లో. గుర్రం అలిసిందని తెలిసి మధ్యలోనే చేయెత్తి ఆపేసి నడిపించుకుంటూ వెనక్కి వచ్చే రౌతు మీద నాకు కప్పు కొట్టినవాడి కన్నా గౌరవం ఎక్కువ.

మేజర్: ఆ విషయంలో మీతో వాదించను. మా రోజుల్లో అలా ఆపితే మెస్‌లో ఎగతాళి చేసేవాళ్లు. అది తప్పే.

యాంకర్: గుర్రం ఆరోగ్యం ఎవరు చూస్తారు?

డాక్టర్: పోటీకి ముందు ఒకసారి, ఆదివారం ఉదయం ఒకసారి పరీక్ష ఉంటుంది. దివాణం ముందు జడ్జీలు, వెటర్నరీ డాక్టర్ నిలబడతారు. కళ్లెం పట్టుకుని గుర్రాన్ని నడిపించాలి, తర్వాత చిన్న పరుగు తీయించాలి. రౌతులు సూటూబూటూ వేసుకుని ఫ్యాషన్ షోలా వస్తారు, చూసేవాళ్లకు సరదా. మాకు మాత్రం కాళ్లే కనిపిస్తాయి. ఏ కాలు నేల మీద బరువు మోయడానికి వెనకాడుతోంది, తల ఎప్పుడు ఊగుతోంది అని చూస్తాం. అనుమానమొస్తే పక్కన పెట్టి మళ్లీ చూస్తారు. అప్పటికీ కుదరకపోతే, ముందురోజు రాత్రి మొదటి స్థానంలో ఉన్న గుర్రమైనా ఇంటికే. ఈ స్థాయి పోటీకి గుర్రం వయసు కనీసం ఎనిమిదేళ్లు ఉండాలని కూడా నియమం. శనివారం పరుగు ముగించగానే ఐసు నీళ్లు బకెట్లతో కుమ్మరిస్తారు, గుండె వేగం, ఊపిరి, ఉష్ణోగ్రత దిగేదాకా వదలరు.

యాంకర్: ఆడవాళ్లకు వేరే పోటీ ఉందా?

లెక్చరర్: లేదు, అదే దీని అందం. 1961లో బర్లీ మొదటి విజేత అనెలీ డ్రమండ్‌ హే, ఆవిడ గుర్రం మియర్లీ ఎ మోనార్క్. అప్పటికి ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో ఆడవాళ్లకు ప్రవేశమే లేదు! 1964 టోక్యోలో గానీ రానివ్వలేదు. 2003లో పిప్పా ఫన్నెల్ అమెరికాలోని కెంటకీ, బాడ్మింటన్, బర్లీ మూడూ గెలిచి గ్రాండ్‌స్లామ్ కొట్టింది. ఆ ఘనత సాధించిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత జర్మన్ రౌతు మైకేల్ యుంగ్ ఒక్కడే.

మేజర్: గుర్రాల పేర్లు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆండ్రూ నికల్సన్ ఎక్కిన ఎవ్‌బరీ అనే తెల్ల గుర్రం 2012, 2013, 2014 వరసగా మూడేళ్లు బర్లీ గెలిచింది. ఒకసారి గెలవడమే గగనం. ఈ ఆటలో అన్నింటికన్నా పై స్థాయి అయిన ఫైవ్ స్టార్ పోటీలు ప్రపంచం మొత్తం మీద ఏడే ఉన్నాయి మరి.

యాంకర్: మేడమ్, నాకో సందేహం. ఇదంతా దొరల సరదా కాదా?

లెక్చరర్: కొంత అవును. ట్వీడ్ కోట్లు, పెంపుడు కుక్కలు, వందల దుకాణాలు. గుర్రం వైపు చూడకుండా షాపింగ్ చేసి వెళ్లేవాళ్లు కూడా బోలెడంత మంది. కానీ ఇంకో కోణం చూడండి. ఇరవయ్యో శతాబ్దంలో వారసత్వ పన్నులు కట్టలేక ఇంగ్లండ్‌లో వందల దివాణాలు కూల్చేశారు. బర్లీని 1969లో ట్రస్టుకు అప్పగించారు. పార్కు జనానికి తెరిచే ఉంది. దొరగారి పార్కులో మామూలు మనిషి దుంగ పక్కన, తాడుకు ఇవతల నిలబడి చూడగలగడం నాకైతే మంచి సంగతే. దొరతనం పోయిందని మాత్రం అనను.

యాంకర్: మనవాళ్లు ఎక్కడున్నారు మేజర్ గారూ?

మేజర్: 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్ వ్యక్తిగత స్వర్ణం, జట్టు స్వర్ణం కూడా మనదే. మన సైన్యంలోని గుర్రపు దళం 61 కావల్రీ మనిషి. తర్వాత చాలా ఏళ్లు వ్యక్తిగత పతకానికి కరువు. 2018 జకార్తాలో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా రెండు రజతాలు తెచ్చాడు. టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం. చిన్నదిగా అనిపిస్తుంది గానీ ఫైనల్ దాకా పోవడమే మనకు కొత్త. అతను శిక్షణ పొందిందీ పోటీపడిందీ ఐరోపాలో, అక్కడి గుర్రాల మీద.

డాక్టర్: దానికి కారణం ప్రతిభ ఒక్కటే కాదు. మన గుర్రాన్ని ఐరోపాకు తీసుకెళ్లడం, మళ్లీ తేవడం క్వారంటైన్ నిబంధనలతో నరకం. 2025లో మీరట్‌లో సైన్యం గుర్రాలను చూసుకునే రీమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రానికి వ్యాధిరహిత ప్రాంతంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. ఇక్కడ పెరిగిన గుర్రాలు పోటీలకు బయటికి పోవడానికి అది మొదటి మెట్టు. నాకు పతకం కన్నా ఆ కాగితమే పెద్ద వార్త అనిపించింది.

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక ప్రేక్షకుడి ప్రశ్న. మొదటిసారి చూసేవాళ్లు శనివారం ఏం గమనించాలి?

మేజర్: మొదటి నలుగురైదుగురిని వదలొద్దు. కోర్సు ఎలా నడుస్తుందో వాళ్ల తర్వాతే తెలుస్తుంది. కొన్ని అడ్డంకుల దగ్గర రెండు దారులుంటాయి, పొట్టిది కష్టం, పొడుగుది సులువు. రౌతు ఏది ఎంచుకున్నాడో చూడండి, అతని గుర్రం ఎలా ఉందో అదే చెప్తుంది.

డాక్టర్: పరుగు అయ్యాక టీవీ కట్టేయకండి. గుర్రం ఎలా ఊపిరి తీస్తోందో రెండు నిమిషాలు చూడండి.

లెక్చరర్: హెలికాప్టర్ నుంచి పార్కు మొత్తం చూపిస్తే సరస్సు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. మిగతా దారి సులువుగా అర్థమవుతుంది.

యాంకర్: ముగ్గురికీ ధన్యవాదాలు. పందెం సంగతి మా ఇంట్లోవాళ్లకు నేనే చెప్పుకుంటాను. నమస్కారం.